నారెక్క గీసిన గుట్ట

అనగనగా ఒక ఊళ్ళో, మనుషులకంటే గొర్రెలే ఎక్కువగా ఉండే ఊళ్ళో, నారెక్క అనే ఆవిడ ఉండేది. ఆ ఊరి పేరు మందలదొడ్డి. ముప్పై ఇళ్ళు. ఊరి వెనక ఒక గుట్ట. ముప్పై ఇళ్ళ గొర్రెలూ ఆ గుట్ట మీదే మేసేవి.

నారెక్కకి నలభై గొర్రెలు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. పొద్దున్నే కంబళి భుజాన వేసుకుని, సంగటి ముద్ద మూటకట్టుకుని, మందని తనే తోలుకెళ్ళేది, తనే తోలుకొచ్చేది.

ఊళ్ళో ఆవిణ్ణి పులిజూదం నారెక్క అనేవాళ్ళు. పులిజూదం అంటే తెలుసు కదమ్మా. నేల మీద గీతలు గీస్తారు. పెద్ద రాళ్ళు పులులు, చిన్న రాళ్ళు మేకలు. పులి దూకి మేకని తినాలి, మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టెయ్యాలి. నారెక్క మేకలు పట్టిందంటే పులి పని అయిపోయినట్టే. ఊళ్ళో మగవాళ్ళు కూడా ఆవిడతో ఆడటానికి జంకేవాళ్ళు.

ఆవిడకో అన్న. లింగప్ప. ఆ ఊరికి పెద్దమనిషి. రెండొందల గొర్రెలు. మాట కరుకు, మనసు చెడ్డది కాదు. చెల్లెలి ఇంటి కప్పు కురిస్తే ఎవరూ చెప్పకుండానే వచ్చి బోద గడ్డి కప్పి వెళ్ళేవాడు. మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు.

ఆ గుట్ట నెత్తిన పళ్ళెంలాంటి చోటు ఒకటుంది. నెత్తిబీడు అనేవాళ్ళు. వానలు పూర్తిగా ఎగ్గొట్టిన ఏడు తప్ప అక్కడికి ఎవరూ మందని తోలకూడదని తాతలనాటి కట్టుబాటు. ఆ కట్టుబాటు కాగితం మీద లేదు. అందరి నోట్లో ఉంది.

అలా ఉండగా గుట్ట పాడవడం మొదలుపెట్టింది. ఒక ఏడు గడ్డి మోకాలి దాకా వచ్చింది. తర్వాతి ఏడు చీలమండ దాకా వచ్చింది. ఆ తర్వాతి ఏడు తంగేడు, జిల్లేడు తప్ప ఏమీ లేదు. గొర్రెలు ఆ రెండూ ముట్టవు. వాన పడితే గుట్ట మీది మన్ను ఎర్రగా కరిగి వీధుల్లోకి వచ్చేది. ఈనిన గొర్రెలకి పాలు చాలక, పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయేవి.

గడ్డి తగ్గుతుంటే గొర్రెల్ని తగ్గించుకోవాలి కదా. వాళ్ళు పెంచారు. పక్కింటివాడి మంద తినేలోపు మన మంద తినాలి అనుకున్నారు. ముప్పై ఇళ్ళలోనూ అదే అనుకున్నారు.

అప్పుడు నెత్తిబీడు కూడా పలచబడుతోందని ఎవరో చూశారు. అంటే ఎవరో చాటుగా మంద తోలుతున్నారు. ఎవరై ఉంటారు? ఎక్కువ గొర్రెలు ఎవరికున్నాయో వాళ్ళే అనుకుంది ఊరు. లింగప్ప వీధిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఆయన ఒకసారి అందరి ముందూ, "నేను తోలలేదు," అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఎవరూ నమ్మనూ లేదు.

తోలింది నారెక్క.

ముందు ఒక కుంటి గొర్రె కోసం తోలింది. దాని వెనక రెండు పిల్లలు, అవి చచ్చిపోతాయేమోనని. ఆ తర్వాత పది. ఆ తర్వాత నలభై. ఊరంతా పొయ్యిల దగ్గర సంగటి కెలుక్కునే వేళ, వెనకవైపు రాళ్ళ దారిన ఎక్కించి, ఎండ ముదిరేలోపు దింపేసేది. అన్నని ఊరు అనుమానిస్తుంటే వింది. ఇవాళ చెబుదాం అనుకుంది, రేపు చెబుదాం అనుకుంది. నోరు రాలేదు. మందని ఎక్కించడం మాత్రం మానలేదు.

ఒక రోజు లింగప్ప ఊరివాళ్ళందర్నీ పిలిచాడు. "పక్క ఊరివాళ్ళ గుట్ట మీద ఇంకా గడ్డి ఉంది. వచ్చే సోమవారం మన మందలన్నీ ఆడికి తోలదాం. అడ్డమొస్తే కర్రలున్నాయి," అన్నాడు. మగవాళ్ళు తలలూపారు. ఆ రోజు నుంచీ ఊళ్ళో కర్రలకి నూనె రాయడం మొదలైంది.

నారెక్కకి భయం వేసింది. పక్క ఊళ్ళోనూ కర్రలుంటాయి కదా.

ముందు ఆవిడ ఊరివాళ్ళకి చెప్పింది, గొర్రెల్ని తగ్గించుకుందాం అని. "నువ్వెన్ని తగ్గిస్తావు?" అన్నారు. ఆ తర్వాత అన్నని గుట్ట మీదికి తీసుకెళ్ళి, మన్ను కొట్టుకుపోయి బయటపడ్డ వేళ్ళు చూపించింది. "నాలుగు వానలు పడితే అన్నీ సర్దుకుంటాయిలేమ్మీ," అన్నాడు. ఆ తర్వాత ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, ఈరప్ప తాత దగ్గరికి వెళ్ళి, నువ్వన్నా చెప్పు తాతా అంది.

తాత నవ్వాడు. "చెప్తే మారేటట్టుంటే మా నాయన నన్నే మార్చేటోడు కదా. నీకు ఆట తెలుసు. ఆడించు," అన్నాడు.

ఆ మాట పట్టుకుని నారెక్క ఇంటికొచ్చింది. రెండు రోజులు ఆలోచించింది. పులిజూదంలో అయితే మేకని తినేది పులి. ఈ గుట్ట మీద పులి లేదు. అయినా అందరూ ఓడిపోతున్నారు. అలాంటి ఆట ఎలా గీయాలి?

మూడో రోజు ఒక బొగ్గుముక్క తీసుకుని, గుట్ట కింద చదునుగా ఉండే బండ దగ్గరికి వెళ్ళింది. బండ మీద ముప్పై గళ్ళు గీసింది. ఒక్కో గడిలో రెండేసి వేపాకులు పెట్టింది. అది గుట్ట, అది గడ్డి. చింతగింజలు గొర్రెలు.

పశువులు నీళ్ళు తాగే వేళకి అందరూ అటే వస్తారు. చూసి ఆగారు. ఆట కొత్తది, పిలిచింది నారెక్క, ఇంక ఎవరు ఊరుకుంటారు? ఆరుగురు కూర్చున్నారు. లింగప్ప, ఈరప్ప తాత, పది గొర్రెలే ఉన్న మల్లక్క అనే పడుచు, ఇంకో ఇద్దరు, నారెక్క.

"ఒక్కొక్కరికి నాలుగు గొర్రెలు," అంది నారెక్క. "ఒక్కో చుట్టుకి ఒక్కో ఏడు గడిచినట్టు. ఏడాదికి ఒక గొర్రె ఒక ఆకు తింటుంది. గడిలో ఒక ఆకు మిగిలితే, వాన పడి రెండో ఆకు మొలుస్తుంది. రెండూ తినేస్తే ఆ గడిలో రాయి పెడతాం. ఇంక మొలవదు. ఆకు దొరకని గొర్రె చచ్చిపోతుంది. ప్రతి ఏడూ రెండేసి గొర్రెలు పెంచుకోవచ్చు, పెంచుకోకపోనూవచ్చు. ఏడేళ్ళయ్యేసరికి ఎవరి మంద పెద్దదో వాళ్ళు గెలిచినట్టు."

మొదటి ఏడు హాయిగా గడిచింది. ఇరవైనాలుగు గింజలు, ముప్పై గళ్ళు. ఎక్కడా రాయి పడలేదు.

నారెక్క మనసులో ఒకటి అనుకుని కూర్చుంది. ఎవరు పెంచినా నేను పెంచను, నాలుగుతోనే ఉంటాను, చూసి నేర్చుకుంటారు అనుకుంది. రెండో ఏడు రాగానే లింగప్ప రెండు గింజలు పెట్టాడు. పక్కవాడు రెండు పెట్టాడు. మల్లక్క రెండు పెట్టింది. అప్పుడు నారెక్క చెయ్యి తనంతట తనే ఒళ్ళోకి వెళ్ళి, రెండు గింజలు తీసి బండ మీద పెట్టింది. పెట్టాక గానీ ఆవిడకి తెలియలేదు.

ఆ ఏడు ఆరు రాళ్ళు పడ్డాయి. మూడో ఏడు నలభైఎనిమిది గింజలు. మిగిలిన ఆకులు కూడా సరిగ్గా నలభైఎనిమిది. అన్నీ అయిపోయాయి. నాలుగో ఏడు బండ మీద రాళ్ళు తప్ప ఏమీ లేవు. గింజలన్నీ పక్కకి తీసేశారు.

ఆ తర్వాత లింగప్ప అన్నాడు, "గుట్ట చిన్నదైపోయింది. అందుకే చెప్తాండా, పక్క గుట్ట కూడా కావల్ల అని."

"సరేన్నా," అంది నారెక్క. ఇంకో పది గళ్ళు గీసింది. "ఇదిగో పక్క గుట్ట. కొట్లాడి గెలుచుకున్నాం అనుకో. ఆడదాం."

రెండో ఆట మొదలైంది. నలభై గళ్ళు. ఈసారి రెండో ఏడు కూడా రాయి పడలేదు. లింగప్ప మీసం దువ్వుకున్నాడు. మూడో ఏడు ఎనిమిది రాళ్ళు పడ్డాయి. నాలుగో ఏడు నాలుగు గళ్ళు తప్ప బండంతా రాళ్ళమయం. అయిదో ఏడు ఎనిమిది గింజలు తప్ప అన్నీ పోయాయి, ఆ ఎనిమిదికీ ఇంక ఆకు లేదు.

ఈరప్ప తాత వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "ఒక్క ఏడు ఎక్కువొచ్చింది," అన్నాడు.

"ఆ ఒక్క ఏడు కోసం సోమవారం ఎవురి తల పగలాలన్నా?" అని అడిగింది నారెక్క.

వెనక నిలబడ్డవాళ్ళలో ఒకడు అందుకున్నాడు. "ఆట బాగానే ఉందిలే. పెద్ద మంద ఉన్నోళ్ళు నెత్తిబీడు తినకుంటే ఇంత దాకా వచ్చేదా?" అన్నాడు. అందరూ లింగప్పని చూశారు. లింగప్ప బండకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నారెక్క తన ఎదురుగా ఉన్న రాళ్ళని చూసింది. ముందే అనుకుని కూర్చున్న మనిషిని నేనే, అయినా నా చెయ్యే ఆగలేదు అనుకుంది. ఇంక ఆవిడకి దాచి ప్రయోజనం కనపడలేదు.

"నెత్తిబీడు తినిపించింది మా అన్న కాదు," అంది. "నేను. నిరుటి నుంచీ."

ఎవరూ నమ్మలేదు. అప్పుడు ఆవిడ ఏ రాళ్ళ దారిన ఎక్కించేదో, ఏ వేళకి దింపేదో, ముందు కుంటి గొర్రె, తర్వాత పది, తర్వాత నలభై, అంతా చెప్పింది. ఏడవలేదు. చెప్పాక కొంగుతో చేతుల బొగ్గు తుడుచుకుంది.

లింగప్ప లేచాడు. చెల్లెలి ముఖం చూడలేదు. కర్ర తీసుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. ఆయన కూర్చున్న చోటు ఖాళీగా ఉండిపోయింది.

జనం గుసగుసలాడుకున్నారు. అప్పుడు మల్లక్క తలవంచుకుని, "నేను గూడా రెండుసార్లు తోలినా," అంది. కాసేపటికి ఇంకొకడు, "మావీ పోయినాయిలే," అన్నాడు. ఆ పొద్దు అలా తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. అందులో లింగప్ప ఇల్లు లేదు.

"ఇంకో ఆట ఆడల్ల," అన్నాడు ఈరప్ప తాత. "ఈసారి కొత్త గుట్ట వద్దు. మనకుండే గుట్టే పెట్టు."

నారెక్క ముప్పై గళ్ళలో పదింటికి ముందే రాళ్ళు పెట్టింది. మిగిలిన ఇరవైలోనే ఆకులు పెట్టింది. ఇంకో కొత్త మాట కూడా కలిపింది. రాయి ఉన్న గడిని మూడేళ్ళు ఎవరూ తొక్కకపోతే, రాయి తీసేసి మళ్ళీ ఆకులు పెట్టొచ్చు. ఈసారి ఆడేవాళ్ళు ముందే మాట్లాడుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు కూడా.

వాళ్ళు పోట్లాడుకున్నారు. ఆకు పెట్టకుండా, గింజ పెట్టకుండా, ఒక పూట పోట్లాట. ఎవరు తగ్గించుకోవాలి, ఎంత తగ్గించుకోవాలి. మధ్యలో ఎవరిదో నిజం మేకపిల్ల ఒకటి వచ్చి, బండ మీది ఒక వరస వేపాకులు నమిలేసింది. దాన్ని తరిమి, మళ్ళీ ఆకులు పెట్టి, మళ్ళీ పోట్లాడుకున్నారు.

చివరికి తలా మూడు గింజలు అన్నారు. పద్దెనిమిది గొర్రెలు, ఇరవై గళ్ళు. కానీ కూర్చున్నది అయిదుగురే. లింగప్ప వాటా మూడు గింజలు ఆయన చోట్లో అలాగే ఉన్నాయి. అవి ఎవరు ఆడాలని చూసుకుంటుంటే, వెనక నుంచి గొంతు వినపడింది.

"నా గింజలు యాడ?"

లింగప్ప వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపు నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. నారెక్కకేసి చూడలేదు. మూడు గింజలు చేతిలోకి తీసుకుని, బరువు చూస్తున్నట్టు ఊపి, "ఆడండి," అన్నాడు.

మొదటి ఏడు గడిచింది. రెండో ఏడు గడిచింది. మూడో ఏడు గడిచాక పది రాళ్ళూ తీసి ఆకులు పెట్టారు. నాలుగో ఏటి నుంచి తలా నాలుగు గింజలయ్యాయి. ఏడో ఏడు అయ్యేసరికి బండంతా పచ్చగా ఉంది.

"మరి గెలిచిందెవురు?" అని అడిగాడు ఈరప్ప తాత.

"గెలుపు సంగతి నాకు తెలీదు తాతా," అంది మల్లక్క. "నా గొర్రెలు మాత్రం బతికుండాయి."

సోమవారం వచ్చింది. ఎవరూ కర్రలు పట్టుకుని పోలేదు. ఆ బదులు ఊరంతా గుట్ట ఎక్కింది. నెత్తిబీడుతో కలిపి గుట్టలో మూడో వంతుకి సున్నం కొట్టిన రాళ్ళు నాటి హద్దు పెట్టారు. మూడేళ్ళ పాటు అందులోకి ఎవరి మందా పోకూడదు. ప్రతి ఇల్లూ నాలుగింట ఒక గొర్రెని తగ్గించుకోవాలి. అందరికంటే ఎక్కువ తగ్గించుకోవలసింది లింగప్పే. ఆయన యాభై గొర్రెల్ని సంతకి తోలి వచ్చాడు. ఒక ఇల్లు ఈ కట్టుబాటు మాకొద్దని మందని తోలుకుని ఊరే వదిలి వెళ్ళిపోయింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత నారెక్క తప్పు సంగతి వచ్చింది. ఒకటి రెండుసార్లు తోలినవాళ్ళని వదిలేశారు, ఏడాది పాటు తోలిన ఆవిడకి ఏం శిక్ష వెయ్యాలి? లింగప్పే చెప్పాడు. "మూసిన బీడుకి ఆమే కాపలా ఉండల్ల. ఏ దారిన దొంగతనంగా ఎక్కొచ్చో ఆమెకి తెలిసినట్టు ఎవురికి తెలుసు? బీడు తెరిచిన రోజు ఆమె మంద అందరి వెనక పోవల్ల."

దొంగ చేతికే తాళంచెవి ఇచ్చారని ఊరు నవ్వుకుంది. నారెక్క సరే అంది.

మొదటి ఏడు బీడులో పల్లేరు కాయలు తప్ప ఏమీ రాలేదు. ఇదేనా మొలిచేది అని చాలామంది గొణిగారు. ఆటలో గడి కాబట్టి మొలిచింది, గుట్ట మీద ఎందుకు మొలుస్తుంది అన్నారు. నారెక్కకి కూడా అదే అనుమానం ఉండేది. బయటికి అనలేదు.

రెండో ఏడు గరిక పొడిచింది. అక్కడక్కడా బోద గడ్డి దుబ్బులు లేచాయి. కానీ ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కింది గుట్ట ఎండిపోయింది, పైన మూసిన బీడు పచ్చగా ఉంది. గొర్రెలు అటే చూసి అరిచేవి.

ఒక మిట్టమధ్యాహ్నం నారెక్క హద్దు రాళ్ళ వెంట తిరుగుతుంటే, లోపల పాతిక గొర్రెలు కనపడ్డాయి. చెవులకి పసుపు గుర్తు. లింగప్పవి. మేపే మనిషి నిద్రపోయాడో, తోలమని ఎవరన్నా చెప్పారో, ఆవిడ అడగలేదు. కాసేపు నిలబడింది. నా దొంగతనం తన మీద పడ్డా ఊరుకున్న మనిషి కదా అనుకుంది. చూడనట్టు పోదామా అనుకుంది. తర్వాత కర్ర ఎత్తి, పాతికనీ బయటికి తోలి, ఊరి మధ్య నుంచి నడిపించుకుంటూ తీసుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టింది. తప్పు చేసిన పశువుల్ని పెట్టే దొడ్డి అది.

లింగప్ప వచ్చాడు. "నావని తెలిసే తోలుకొచ్చినావా?"

"తెలిసే తోలుకొచ్చినా అన్నా."

హద్దు దాటించినవాళ్ళు మూడు రోజులు గుట్ట మీద రాళ్ళు మోసి, మన్ను కొట్టుకుపోకుండా కట్టలు పెట్టాలని ఊరు చేసుకున్న కట్టుబాటు. ఊరి పెద్దమనిషి అయినా లింగప్ప తలపాగా విప్పి చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, మూడు రోజులూ ఎండలో రాళ్ళు మోశాడు. నారెక్క హద్దు దగ్గరే ఉంది. రెండో రోజు ఒక కుండ మజ్జిగ తెచ్చి రాయి మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రానికి కుండ ఖాళీగా ఉంది, బోర్లించి ఉంది.

ఆ సంగతి తర్వాత ఇంక ఎవరి గొర్రే హద్దు దాటలేదు. పెద్దాయన గొర్రెలనే వదలలేదు, మనవాటిని వదులుతుందా అనుకున్నారు.

పక్క ఊరివాళ్ళు విన్నారు. కర్రలతో వస్తారనుకున్నవాళ్ళు ఎందుకు రాలేదో తెలుసుకుందామని నలుగురు వచ్చారు. నారెక్క వాళ్ళకి ఏమీ చెప్పలేదు. బండ దగ్గర కూర్చోబెట్టి చింతగింజలు చేతిలో పోసింది. మూడుసార్లు వాళ్ళ గుట్టని వాళ్ళ చేతే తినిపించింది. నాలుగోసారి వాళ్ళే ఆపి, మాట్లాడుకోవచ్చా అని అడిగారు.

మూడో ఏడు గడిచింది. బీడు తెరిచే రోజు వచ్చింది.

గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. గాలి వీస్తే ఒక వైపుకి వాలి, మళ్ళీ లేచేది. ముందు తక్కువ గొర్రెలున్న ఇళ్ళు. మల్లక్క మంద మొదట పోయింది. గొర్రెలు లోపలికి వెళ్ళి, మేయకుండా కాసేపు అలాగే నిలబడిపోయాయి. ఆ తర్వాత తలలు వంచాయి. ఒక్కో ఇల్లూ, ఒక్కో మందా లోపలికి పోయాయి. నారెక్క పక్కన కూర్చుని చూస్తోంది. ఆవిడ వంతు అందరి తర్వాత.

లింగప్ప వంతు వచ్చింది. ఆయన తన మందని హద్దు దగ్గరే ఆపాడు.

"పో అన్నా, నీ వంతు," అంది నారెక్క.

"పోతాలే. యాడికి పోతాది గడ్డి." కంబళి పరిచి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఆ పొద్దు బండ కాడ చెప్పకుంటే," అన్నాడు ఆయన, "నేను చచ్చేదాకా దొంగనే అయ్యుండేటోణ్ణి."

"ముందే చెప్పల్లన్నా. ఏడాది ఆలిశమైంది."

"అయింది," అన్నాడు లింగప్ప.

కాసేపటికి ఇద్దరూ లేచారు. ఎవరి మంద ముందో, ఎవరి మంద వెనకో చూడకుండా గొర్రెలన్నీ ఒక్కసారే గడ్డిలోకి దూకాయి. పసుపు గుర్తువీ, గుర్తులేనివీ కలిసిపోయాయి. పొద్దు వాలే వేళకి వాటిని విడదీయడానికి అన్నాచెల్లెళ్ళకి చాలాసేపు పట్టింది. ఒక పిల్ల మాత్రం ఎవరిదో తేలలేదు. ఆ పొద్దుకి నారెక్క దొడ్డిలో కట్టేశారు.

కథేమో కంచికి,
మందేమో దొడ్డికి,
మనమేమో ఇంటికి,
నిద్రేమో కంటికి.